వాగు పక్క పెరట్లో చిత్తడి తోట: ఏ మొక్కలు పెట్టొచ్చు, ఏవి వద్దు

ప్రశ్న: మా పెరటి చివర ఒక మూల నేల పల్లంగా ఉంటుంది. వానలు ఆగిన రెండు నెలల దాకా అక్కడ తడి ఆరదు, కాలు పెడితే మడమ వరకూ దిగబడుతుంది. మట్టి తోలించి పూడ్చేద్దామని మావారు అంటున్నారు. నాకేమో దాన్ని అలాగే ఉంచి బాగ్ గార్డెన్, అంటే చిత్తడి తోట చేసుకోవాలని ఉంది. ప్రహరీకి అవతల పది అడుగుల్లోనే చిన్న వాగు పారుతుంది. మొక్కలంటే ప్రాణం పెట్టే స్నేహితురాలు ఒకామె నాలుగు రకాలు ఊరికే ఇస్తానంటోంది: గుర్రపుడెక్క, పసుపుపచ్చ పూల ఐరిస్, ఊదారంగు పూలు పొడుగు కంకుల్లా పూసే నిలువెత్తు మొక్క, ఎరుపు పసుపు ఆకుపచ్చ కలిసిన ఆకులతో నేలమీద అల్లుకునేది ఇంకొకటి. "గుచ్చి వదిలేయ్, వాటంతట అవే పెరుగుతాయి" అంటోంది. ఆ మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది. వాగులోకి పాకి పదిమందికీ తలనొప్పి తెచ్చిపెట్టని మొక్కలు ఏవైనా ఉన్నాయా?

సమాధానం: ముందుగా, ఆ మూలని పూడ్చకండి. తడి నేల కావాలని లోతుగా గొయ్యి తవ్వించి, ప్లాస్టిక్ షీటు పరిచి, పైపులు పెట్టి నానా తిప్పలు పడేవాళ్లున్నారు. మీకది ఊరికే దొరికింది. మీవారికి చెప్పండి, మట్టి తోలించినా నీళ్లు పోవు, పక్కకి జరుగుతాయి అంతే, రేపు అవి గోడ పునాది దగ్గరో గడప దగ్గరో తేలొచ్చు. కాకపోతే ఒక్కటి చూసుకోండి, ఆ తడి వాన నీళ్లదేనా, లేక ఎక్కడో పైపు కారుతోందా, సెప్టిక్ ట్యాంకు ఊరుతోందా అని. వాసన వస్తున్నా, ఎండాకాలంలో కూడా అదే ఒక్కచోట తడిగా ఉన్నా ముందు దాన్ని బాగు చేయించండి, తోట సంగతి తర్వాత.

ఇక ఆ నాలుగు మొక్కలు. గుర్రపుడెక్క వద్దు, రంగురంగుల ఆకులదీ వద్దు, ఈ రెండింటి గురించి నాకు రెండో ఆలోచన లేదు. పసుపు ఐరిస్, ఊదా పూలది మాత్రం మీరు ఎక్కడుంటారన్న దాన్నిబట్టి ఉంటుంది. అవి సహజంగా పెరిగే ప్రాంతం మీదైతే పెట్టుకోవచ్చు, లేకపోతే వాగు పక్కన అస్సలు వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే రేపు ఇంకెవరో ఇంకో మొక్క ఇస్తామంటారు, అప్పుడు మీరే చూసి తేల్చుకోగలగాలి.

మామూలు తోటలో మొక్కకి పగ్గం వేసేది నీటి కొరత. వేసవిలో నేల ఎండుతుంది, పాకబోయిన వేరు అక్కడితో ఆగుతుంది, రాలిన గింజల్లో చాలావరకు మొలవకుండానే పోతాయి. చిత్తడి తోటలో ఆ పగ్గాన్ని మనమే విప్పేస్తున్నాం. ఏడాది పొడుగునా తడి, మెత్తటి మట్టి, కుళ్లిన ఆకుల బలం. పాకే గుణం ఉన్న మొక్కకి ఇంతకన్నా ఏం కావాలి? అందుకే తడి నేలకి మొక్క ఎంచుకునేటప్పుడు "ఇది ఇక్కడ బతుకుతుందా" అన్నది పెద్ద ప్రశ్న కానే కాదు, అక్కడ చాలా మొక్కలు హాయిగా బతుకుతాయి. ఇది ఇక్కణ్ణించి ఎలా బయటికి పోతుంది అని అడగాలి. మీ గోడ అవతల పది అడుగుల్లో వాగు ఉందంటే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి, ఎందుకంటే వాగులో పడ్డ ముక్క మీ ఊరితో ఆగదు.

మొక్క బయటికి పోయే దారులు మూడే. గింజ, పాకే వేరు, విరిగిన ముక్క.

గింజ సంగతికి మీ స్నేహితురాలి ఊదాపూల మొక్కే మంచి ఉదాహరణ. మీరు చెప్పిన పోలికలను బట్టి అది పర్పుల్ లూజ్‌స్ట్రైఫ్ అయి ఉండాలి, శాస్త్రీయ నామం లిత్రం సాలికేరియా. పూత అయిపోయాక దాని ఎండు కంకి ఒకదాన్ని తెల్ల కాగితం మీద పట్టుకుని వేలితో మెల్లగా తట్టి చూడండి. ముందు ఏమీ రాలినట్టు కనపడదు, కాగితాన్ని కొంచెం వంచితే గోధుమరంగు పొడి ఒకటి జారుతూ వస్తుంది. అదంతా గింజలే. బాగా ఎదిగిన మొక్క ఏడాదికి 20 లక్షలకు పైగా గింజలు వేయగలదు. గాలి, నీళ్లు, పక్షుల కాళ్లకంటిన బురద, మన చెప్పుల అడుగు, దేనికైనా అంటుకుని పోతాయి. ఐరోపా, ఆసియాల్లో సొంత గడ్డమీద అది మామూలు మొక్క, మిగతా మొక్కల మధ్య ఒద్దికగా ఉంటుంది. 19వ శతాబ్దం మొదట్లో ఉత్తర అమెరికా చేరింది, కొంత ఓడల్లో బరువుకోసం నింపిన మట్టితో, కొంత తోటల కోసం తెచ్చుకున్నవాళ్ల చేతుల మీదుగా. అక్కడి చిత్తడి నేలల్లో మైళ్లకి మైళ్లు అదే నిండిపోయి స్థానిక మొక్కలకి చోటు లేకుండా చేసింది, చాలా రాష్ట్రాలు అమ్మకాన్నే నిషేధించాయి. ఇందులో గమనించాల్సింది ఇంకోటుంది. "ఇది గింజ పట్టని రకం, భయం లేదు" అంటూ దీన్ని కొన్నేళ్లు అమ్మారు. తీరా చూస్తే ఆ రకాలు తమలో తాము గింజ కట్టకపోయినా, బయట ఉన్న అడవి మొక్కల పుప్పొడి తగిలితే శుభ్రంగా కట్టాయి. అందుకే లేబుల్ మీద గింజ పట్టదని రాసి ఉన్నంత మాత్రాన నేను నమ్మను, మీరూ నమ్మకండి.

పాకే వేరుకి జమ్ము, కిక్కిస లాంటివి చూడండి. పసుపు కొమ్ములాంటి వేరుదుంప నేలలోపలే పక్కకి సాగుతూ అడుగడుక్కీ ఒక పిలక వేస్తుంది. జమ్ము వేరు కొస ఎంత వాడిగా ఉంటుందంటే, పల్చటి ప్లాస్టిక్ షీటు వేసి కట్టుదిట్టం చేశామనుకుంటే దాన్ని పొడుచుకుని బయటికొస్తుంది. జమ్ము చాలా దేశాల్లో స్థానిక మొక్కే, పెద్ద చెరువు గట్టున పక్షులకి గూడు, నీటికి వడపోత, నాకు చాలా ఇష్టం కూడా. పెరటి మూలకి మాత్రం పనికిరాదు, మూడేళ్లలో అక్కడ జమ్ము తప్ప ఇంకేం మిగలదు. కాబట్టి స్థానిక మొక్క అయినంత మాత్రాన కళ్లు మూసుకుని పెట్టేయొచ్చు అనుకోవద్దు. మీ పసుపు ఐరిస్, అంటే ఐరిస్ సూడాకోరస్, గింజ దారి, వేరు దారి రెండూ వాడుకుంటుంది. దాని దుంపలు ఒకదాన్నొకటి పెనవేసుకుని గట్టి చాపలా తయారవుతాయి, గింజలేమో నీళ్లమీద తేలుతూ వాగు వెంట పోతాయి. ఐరోపాలో ఉంటే అది మీ ఇంటి మొక్క. ఉత్తర అమెరికాలో అయితే చాలాచోట్ల దాన్ని పీకించడానికి జనం కష్టపడుతున్నారు.

మూడోది విరిగిన ముక్క. ఇది అన్నిటికన్నా మోసకారి దారి, ఎందుకంటే దీన్ని మనమే నడిపిస్తాం. మొక్కని పీకుతూ ముక్కలు చేస్తాం, ఆ ముక్కలే కొత్త మొక్కలవుతాయి. మీ నాలుగో మొక్క ఇదే కోవది. హుట్టూనియా కార్డేటా అంటారు, కమీలియన్ ప్లాంట్ అన్న పేరుతో అమ్ముతుంటారు. హృదయాకారపు ఆకులు, ఎరుపు అంచు, మధ్యలో పసుపు, చూస్తే వదలబుద్ధి కాదు. నేనూ ఒకప్పుడు ఇష్టపడి ఒక చిన్న కుండీ తెచ్చి తడి మడిలో దించాను. మొదటి ఏడాది బుద్ధిగా ఉంది. రెండో ఏడాది పక్కనున్న ఫెర్న్ మధ్యలోంచి తొంగిచూసింది, మూడో ఏడాదికి ఏకై వచ్చి మేకై కూర్చుంది. తవ్వి తీద్దామని కూర్చున్నాను. తెల్లటి వేర్లు, నూడుల్స్ అంత లావు, చేత్తో పట్టుకుంటే పుటుక్కున తెగుతాయి, తెగిన చోట నారింజ తొక్కా పచ్చి చేపా కలిసినట్టు ఒక ఘాటు వాసన. నాలుగు రోజులు కూర్చుని మట్టంతా జల్లెడ పట్టాను. మూడు వారాలు తిరక్కుండా గోరంత ముక్క మిగిలిన చోటల్లా ఎర్రటి మొలక లేచింది. ఆ మడిని పూర్తిగా ఖాళీ చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది, దానితో పాటు పదేళ్లుగా పెంచుకున్న ఫెర్న్ కూడా పోయింది, ఎందుకంటే దాని వేర్ల గుంపులోకి ఇది దూరిపోయి విడదీయడానికి లేకుండా అల్లుకుంది. ఆ ఫెర్న్ గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇంత జరిగినా అది గోడలోపలి గొడవే. మీకు వాగు ఉంది, తెగిన ముక్క ఒక్కటి వానకి కొట్టుకుపోతే చాలు.

గుర్రపుడెక్క గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు అనుకుంటాను, నిండిపోయిన చెరువుల్ని చూడనివాళ్లు మనలో తక్కువ. అసలది చిత్తడి తోట మొక్కే కాదు, నీటిమీద తేలేది. దక్షిణ అమెరికా నుంచి పూల అందం కోసం ప్రపంచమంతా మోసుకెళ్లారు. అనువైన చోట రెండు వారాల్లో రెట్టింపవుతుంది, గింజలు అడుగు బురదలో ఏళ్ల తరబడి నిద్రపోయి మళ్లీ లేస్తాయి. ఐరోపా యూనియన్ 2016లో తన ఆక్రమణ జాతుల మొదటి జాబితాలోనే దీన్ని పెట్టింది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు మీద ఇది పరుచుకుని పడవలు కదలనివ్వకపోతే, 1995లో ఉగాండా వైపు నుంచి దీన్ని తినే ముక్కుపురుగుల్ని వదలాల్సి వచ్చింది. ఆ పురుగులు దక్షిణ అమెరికావే, అంటే దాని సొంత ఊళ్లోని శత్రువులు. లూజ్‌స్ట్రైఫ్‌కి కూడా ఉత్తర అమెరికాలో ఇదే పని చేశారు, 1992లో ఐరోపా నుంచి దాని ఆకులు తినే పెంకు పురుగుల్ని తెచ్చి వదిలారు. మొక్క పుట్టిన చోట దాన్ని తినే పురుగు, దానికి పట్టే తెగులు, దానితో పోటీపడే పొరుగు మొక్క అన్నీ ఉంటాయి. మనం దాన్ని ఒక్కదాన్నే సంచిలో వేసుకుని సముద్రం దాటిస్తాం, వాటన్నిటినీ అక్కడే వదిలేసి.

అందుకే నా మొదటి ఓటు ఎప్పుడూ మీ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో సహజంగా పెరిగే మొక్కకే, వాటిలోనూ కుదురుగా ఉండేదానికి. కుదురు అంటున్నది ఊరికే కాదు, అదే మీరు నర్సరీలో కళ్లారా చూసి తేల్చుకోగల విషయం. మొక్క కొనేముందు కుండీని పక్కకి వంచి, మొదలు దగ్గర రెండు వేళ్ల మధ్య పట్టుకుని మట్టిగడ్డతో సహా బయటికి జార్చండి. అడిగితే చాలా నర్సరీల్లో వద్దనరు. కాడలన్నీ ఒకే కుదురులోంచి లేస్తూ, వేర్లు సన్నగా పీచులా కిందికి దిగుతుంటే మంచిది. అలా కాకుండా తెల్లగా తాడులాంటి వేర్లు కుండీ గోడ వెంబడి గుండ్రంగా చుట్లు తిరిగి ఉంటే, కుదురుకి దూరంగా కుండీ అంచున కొత్త మొలకలు పొడుచుకొస్తుంటే, అడుగు రంధ్రాల్లోంచి కొసలు బయటికి చూస్తుంటే, దాన్ని ఎక్కడ తీశారో అక్కడే పెట్టేయండి. లేబుల్ మీది మాటలూ చదవండి. "త్వరగా అల్లుకుంటుంది", "ఎలాంటి నేలలోనైనా పెరుగుతుంది", "శ్రమ అక్కర్లేదు" అని మెచ్చుకుంటూ రాసేవన్నీ మీకు హెచ్చరికలే. మీ స్నేహితురాలి మాటకి మీకు టెన్షన్ రావడం సరైనదే.

పేరు విషయంలో ఒక జాగ్రత్త. వాడుక పేరుతో కొనకండి, శాస్త్రీయ నామం అడగండి. లిల్లీ, లోటస్, ఐరిస్ అన్న పేర్ల కింద సంబంధం లేని డజన్ల మొక్కలు అమ్ముతారు. శాస్త్రీయ నామం చేతికొస్తే మీ రాష్ట్రం, మీ దేశం ప్రకటించిన ఆక్రమణ మొక్కల జాబితాలో ఉందో లేదో ఐదు నిమిషాల్లో చూసుకోవచ్చు. అటవీ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయం లాంటి చోట అడిగినా చెబుతారు. జాబితాలో లేకపోయినా, మీలాంటి వాతావరణం ఉన్న ఇంకో దేశం జాబితాలో ఉందంటే నేనైతే దాని జోలికి పోను.

మీరుండేది వేడి ప్రాంతమో మంచు పడే చోటో మీ ప్రశ్నలో రాయలేదు కాబట్టి రెండింటికీ చెబుతాను.

వేడి ప్రాంతమైతే నా మొదటి పేరు వట్టివేరు. ఎందుకో దీన్ని ఎవరూ అందానికి పెట్టరు, కానీ తడి నేలలో నిటారుగా లేచి కొసలు వంగిన ఆ పచ్చటి దుబ్బు చుట్టూ మిగతావన్నీ కుదురుకుంటాయి. దీని వేర్లు పక్కకి పాకవు, నిట్టనిలువునా దిగుతాయి, మొదటి ఏడాదిలోనే మూడు మీటర్లు దిగిన సందర్భాలున్నాయి. మట్టి కోతకి ఇది అడ్డుకట్టలా పనిచేస్తుందనే 1980లలో ప్రపంచ బ్యాంకు దీని సాగుని చాలా దేశాల్లో ప్రోత్సహించింది. మీ వాగు వైపు గట్టు జారకుండా కూడా పట్టి ఉంచుతుంది. కాకపోతే వట్టివేరులోనూ గింజ కట్టే అడవి రకం ఒకటుంది. సాగులో ఉన్న గింజ కట్టని రకం పిలకలే తెచ్చుకోండి, గింజలతో మొలిపించినది తీసుకోవద్దు.

దానికి ముందు వరసలో క్రైనమ్ లిల్లీ, హైమినోకాలిస్ అనే స్పైడర్ లిల్లీ పెట్టొచ్చు. రెండూ పెద్ద గడ్డలోంచి వచ్చే మొక్కలు, గడ్డ పక్కన పిల్ల గడ్డలు వేసుకుంటూ అక్కడే లావెక్కుతాయి, ఎటూ పరిగెత్తవు. తెల్లటి పూలు, సాయంత్రానికి వాసన. క్రైనమ్ గింజలు లావుగా బరువుగా ఉంటాయి కానీ నీళ్లలో తేలుతాయి, కాబట్టి పూత అవగానే కాడ కోసేయండి. దాని గడ్డ, ఆకు అన్నీ విషమే, పాకే పిల్లలో కుక్కపిల్లలో ఉంటే లోపలి వరసలో పెట్టండి. మెట్టతామర కూడా తడిలో బాగా వస్తుంది, దుంప నెమ్మదిగా సాగుతుంది, ఏటా ఒకసారి పారతో అంచులు కోస్తే మాట వింటుంది. అయితే నల్లటి గట్టి గింజలు కట్టే పాత రకం కొన్ని దేశాల్లో వాగుల వెంట పాకింది, గింజ కట్టని పెద్ద పూల హైబ్రిడ్ తీసుకుని, అయినా కాయ కనపడితే తుంచేయడం నా పద్ధతి.

నేలమీద పరుచుకోవడానికి నీటి బ్రాహ్మి, సరస్వతి ఆకు. ఇక్కడ మీరు నన్ను నిలదీయొచ్చు, ఇవి పాకేవే కదా అని. పాకుతాయి, నిజమే. కానీ పాకేది పైపైనే, వేరు లోతుకి పోదు, చాపని చుట్టినట్టు చేత్తో ఎత్తేయొచ్చు. వేడి ప్రాంతాల తడి నేలల్లో ఇవి చాలాచోట్ల స్థానికం కూడా. మీ ప్రాంతంలో స్థానికమైతేనే నేల మీద వదలండి, కాకపోతే వెడల్పాటి కుండీలోనే ఉంచండి. వీటి బదులు వెడీలియా అనే పసుపు పూల తీగని అంటగట్టబోతారు, ఎక్కడ చూసినా అదే నేలకి పరుస్తున్నారు. ప్రపంచంలో అతి చెడ్డ 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఉన్న మొక్క అది, గుర్రపుడెక్కకీ లూజ్‌స్ట్రైఫ్‌కీ పక్కనే. వద్దనండి.

చలి ప్రాంతమైతే మీ అదృష్టం ఇంకా బాగుంది, కుదురుగా ఉండే తడి మొక్కలు అక్కడ బోలెడు. వసంతం మొదట్లోనే నిగనిగలాడే పసుపు పూలతో వచ్చే మార్ష్ మారిగోల్డ్, అంటే కాల్తా పాలుస్ట్రిస్, ఉత్తరార్ధగోళపు చల్లటి దేశాల్లో చాలాచోట్ల స్థానికమే. కానీ అచ్చం దీనిలాగే కనపడే లెస్సర్ సెలండైన్ ఉత్తర అమెరికాలో పెద్ద ఆక్రమణ మొక్క. చూసి పోల్చుకోవడం తేలికే. మొక్కని కొద్దిగా పెళ్లగిస్తే సెలండైన్‌కి కింద చిన్న చిన్న వేళ్లలాంటి దుంపలు గుత్తిగా ఉంటాయి, మార్ష్ మారిగోల్డ్‌కి వట్టి వేర్లే ఉంటాయి. ఉత్తర అమెరికాలో ఉంటే పసుపు ఐరిస్ బదులు అక్కడి నీలి ఐరిస్, ఐరిస్ వర్సికలర్ పెట్టుకోండి. ఎర్రగా మండే కార్డినల్ ఫ్లవర్, మొనార్క్ సీతాకోకచిలుక గొంగళ్లకి ఆహారమయ్యే స్వాంప్ మిల్క్‌వీడ్ కూడా అక్కడివే. మిల్క్‌వీడ్‌లోనే ఇంకొకటి, కామన్ మిల్క్‌వీడ్, వేరుతో పాకుతుంది, అందుకే పేరు సరిచూసి కొనండి. మీది వేరే ఖండమైతే వీటి కాయలు పగిలి దూది ఎగరకముందే కోసేయాలి. పళ్లెమంత పూలు పూసే తడి మందార, హైబిస్కస్ మాష్యూటస్, చలికాలం నేలమట్టానికి ఎండిపోయి మళ్లీ అదే కుదురులోంచి లేస్తుంది, వేడి చోట కూడా పెరుగుతుంది. కొంచెం నీడ ఉంటే ఆస్టిల్బీ, ఇంకా నా కళ్లకి అన్నిటికన్నా గొప్పగా కనిపించే రాయల్ ఫెర్న్, ఆస్మండా రెగాలిస్. మనిషి ఎత్తున లేస్తుంది, కుదురు అంగుళం కదలదు. నేను పోగొట్టుకున్నది అదే.

కీటకాల్ని తినే మొక్కలు, సారసీనియా, డ్రోసెరా లాంటివి కావాలనిపిస్తే వాటికి విడిగా ఒక తొట్టి పెట్టండి. మీ మూలలోని మట్టి వాటికి మరీ బలమైనది, అక్కడ చచ్చిపోతాయి. వాటికి పోషకాలు లేని, ఆమ్ల గుణం ఉన్న మట్టి, వాన నీళ్లు కావాలి, ఎరువు అసలు వేయకూడదు. బయట ఎక్కడా మాత్రం నాటకండి. ఉత్తర అమెరికా సారసీనియాని ఐర్లండ్ బురద నేలల్లో ఎప్పుడో ఎవరో ముచ్చటపడి నాటితే ఇప్పటికీ అక్కడ పెరుగుతోంది.

తోట వేసే పద్ధతికొస్తే, మీ నేల తనంతట తాను తడిగా ఉంటోంది కాబట్టి షీటు అవసరం పడకపోవచ్చు. రెండు నెలల్లో తడి ఆరిపోవడం ఇబ్బంది అనుకుంటే అడుగున్నర నుంచి రెండడుగుల లోతు తవ్వి షీటు పరిచి, మీటరుకొకటి చొప్పున ఫోర్కుతో రంధ్రాలు పొడవండి, నీళ్లు నిదానంగా దిగాలి కానీ నిలిచి కుళ్లకూడదు. మట్టి పైన నీళ్లు నిలవకుండా చూసుకోండి, దోమ గుడ్డు నుంచి దోమ దాకా రావడానికి వారం పది రోజులు నిలిచిన నీళ్లు చాలు, తడి మట్టిలో మాత్రం దానికి పనిలేదు. మట్టిలో కలపడానికి పీట్, అంటే చిత్తడి నేలల్లో సగం కుళ్లి పేరుకున్న నాచు మట్టి, కొనొద్దు, దానికోసం తవ్వేది వేల ఏళ్లు పట్టి ఏర్పడిన నిజమైన చిత్తడి నేలల్నే. బాగా మాగిన ఆకుల ఎరువు కలపండి. కాస్త అనుమానమున్న మొక్కని, మెట్టతామర లాంటిదాన్ని, గట్టి తొట్టితో సహా నేలలో దించి అంచు రెండంగుళాలు పైకి కనపడేలా ఉంచండి, ఏడాదికోసారి తొట్టి ఎత్తి బయటికొచ్చిన వేర్లు కోయండి. ముఖ్యంగా ప్రహరీ వైపు కనీసం నాలుగడుగులు ఏమీ నాటకుండా గడ్డి కోసి ఉంచే జాగా వదలండి. ఏదైనా పాకబోతే అక్కడ మీ కంటపడుతుంది. పెద్ద వానకి మడిలో నీళ్లు పొంగి ఏ తూములోంచి వాగులోకి పోతున్నాయో గొడుగేసుకుని ఒకసారి నిలబడి చూడండి, ఆ దారికి అడ్డంగా వట్టివేరు వరస వేయండి, లేదా కంకర నింపిన చిన్న కాలువ తీయండి.

కొత్త మొక్క ఏది తెచ్చినా నేరుగా మడిలో పెట్టొద్దు. దాని మట్టిలో ఇంకోటి వస్తుంది, నాచు ముక్క, నత్త గుడ్డు, తుంగ గడ్డ, ఆకుమీద అంటుకున్న సాల్వీనియా అనే నీటిమీద తేలే చిన్న మొక్క. వేర్లు బకెట్లో కడిగి, ఆ నీళ్లు వాగుకి దూరంగా ఎండు నేలమీద పారబోసి, మొక్కని మూడు నాలుగు వారాలు విడి కుండీలో ఉంచి పక్కన ఏం మొలుస్తుందో చూడండి. కత్తిరించిన కాడలు, పీకిన వేర్లు వాగు వైపు విసరకూడదని మీకు చెప్పక్కర్లేదు, ఇంట్లో పనిచేసేవాళ్లకి మాత్రం తప్పకుండా చెప్పండి, చాలాసార్లు అక్కడే జరుగుతుంది. కంపోస్టులో కూడా వేయొద్దు. నల్ల సంచిలో కట్టి ఎర్రటి ఎండలో వారాల తరబడి ఉంచి, పూర్తిగా కుళ్లి నల్లబడ్డాకే పారేయండి.

ఇవన్నీ ఒకేసారి నాటాలని తొందరపడకండి. మొదటి ఏడాది ఐదారు కుదుళ్లు చాలు, మధ్య ఖాళీల్లో ఎండాకులు పరచండి. ఒక ఏడాది వానలూ ఎండలూ చూస్తే ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఎక్కడ ముందు ఆరుతుందో తెలుస్తుంది, మిగతావి దాన్నిబట్టి.

మీ స్నేహితురాలికి ఎలా చెప్పాలన్నది మీరు అడగలేదు కానీ అదీ మనసులో ఉండే ఉంటుంది. మా పక్కన వాగు ఉంది, ఇవి నీళ్లలో పడితే నా వల్ల కాదు అని ఉన్నమాట చెప్పండి. ఆమె దగ్గర క్రైనమ్ పిల్ల గడ్డలో, ఐరిస్ ఇంకో రకమో, వట్టివేరు పిలకలో ఉంటే అవి అడగండి, ఇచ్చే చేతిని ఖాళీగా పంపినట్టు ఉండదు. గుర్రపుడెక్క ఆమె పెరట్లో తొట్టిలో ఉన్నంతవరకు సరే, వానకి ఆ తొట్టి పొంగి ఎక్కడికి పారుతుందో ఇద్దరూ కలిసి ఒకసారి చూడండి.

ఒకవేళ ఆ రంగుల ఆకుల మొక్క ఇప్పటికే మీ ఇంటికి చేరిపోయి ఉంటే, ఈ రోజే దాని కుండీని నేలమీద నుంచి ఎత్తి రాతి పలక మీద పెట్టండి. కుండీ ఉన్న చోట మట్టిని జానెడు లోతు తవ్వి చేత్తో నలిపి చూడండి. తెల్లటి వేరు ముక్క కనపడినా, నారింజ తొక్క వాసన తగిలినా ఆ మట్టిని మొత్తం సంచిలోకి ఎత్తేయండి, రెండు వారాల తర్వాత మళ్లీ అదే చోట చూడండి.